రోగి నడచు దారి: గ్రామవైద్యశాలను పరీక్షించు విధము

రోగము వచ్చిన మనుష్యుని పరీక్షించుటకు వైద్యునికి నాడి యున్నది, నాలుక యున్నది, కనురెప్పలోని యెఱుపు తెలుపు లున్నవి. కాని రోగుల కాశ్రయమైన వైద్యశాలయే వ్యాధిగ్రస్తమైనప్పుడు దాని నాడి పట్టి చూచువా రెవరు? గోడల చెమ్మ, శ్లాబునుండి రాలు పెచ్చులు, నీరు రాని కుళాయి, గడియ లేని మరుగుదొడ్డి తలుపు, ఇవి యన్నియు ఆ భవనము తన బాధను చెప్పుకొను భాష. ఆ భాషను చదువనేర్చుటకు ఇంజనీరు కానక్కఱలేదు, వైద్యుడును కానక్కఱలేదు. ఓపికయు, ఒక నోటుపుస్తకమును, ఒక కొలతటేపును కలిగి, ఊరివారి కష్టమును తన కష్టముగా తలంచు గృహస్థుడైనను గృహిణియైనను చాలును.

ఈ అధ్యాయము అట్టివారికొఱకు వ్రాయబడినది. ఆసుపత్రి అభివృద్ధి సంఘములో సభ్యులై, సమావేశపు పుస్తకములో సంతకము చేసినంతమాత్రమున తమ ధర్మము తీరదని యెఱిగినవారు, క్రొత్తగా ఎన్నికైన సర్పంచులు, మొదటి ఉద్యోగమునకై పల్లెకు వచ్చిన వైద్యాధికారులు, తలిదండ్రుల పేర స్వగ్రామమున ఏదైన నొక మేలు చేయగోరి దూరదేశములనుండి ధనము పంపు బిడ్డలు, వీరందఱికిని ఉపకార బుద్ధి కొఱతపడదు; కొఱతపడునది చూపు. చూపు పుట్టుకతో వచ్చునది కాదు, అభ్యాసముచే అలవడునది.

నేనెఱిగిన యొక యూరిలో ఒక దాత సద్బుద్ధితో వైద్యశాలకు పై అంతస్తు కట్టించెను. గదులు విశాలములు, కిటికీలు పెద్దవి, నేల నున్ననిది. కాని పైకి పోవుటకు నిటారు మెట్లు తప్ప వేఱు దారి లేదు. జ్వరపీడితుడు మెట్లెక్కలేడు, నిండుచూలాలు ఎక్కరాదు, స్ట్రెచరు మలుపు తిరుగదు. రెండేండ్లు గడచునప్పటికి ఆ గదులు విరిగిన మంచములకును పాత రిజిస్టర్లకును నిలయము లాయెను. క్రింద కాన్పుగదిలో మాత్రము అప్పటికిని కుళాయి లేదు. ఆయా బకెట్లతో నీరు మోయుచునే యుండెను. ఆ దాత దయలో లోపము లేదు, మేస్త్రీ పనితనములో లోపము లేదు. ఈ మెట్లను ఎక్కవలసిన మనిషి యెవరు అను ప్రశ్నను మాత్రము ఎవరును అడుగలేదు. భవనమును కొలుచుటకు ముందు రోగి నడకను కొలువవలెననునదే ఈ అధ్యాయమున నేను చెప్పదలచిన ముఖ్యవిషయము. తక్కినదంతయు దానికి వ్యాఖ్యానము.

ఎవరికొఱకు, ఎందఱికొఱకు

సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతను 1943లో ఏర్పడిన ఆరోగ్యపరిశీలక సంఘము 1946లో సమర్పించిన నివేదికలో, రోగమునకు చికిత్సయు రోగము రాకుండ జాగ్రత్తయు రెండును ఒకేచోట పల్లెవారికి లభింపవలెనని చెప్పి, అందుకు ప్రాథమిక ఆరోగ్యకేంద్రములను సూచించినది. 1952లో సమాజ వికాస పథకముతోపాటు ఆ కేంద్రములు పల్లెలలో వెలయసాగినవి. నేటి ప్రమాణముల ప్రకారము మైదానప్రాంతమున 30,000 జనమునకు, కొండప్రాంతములందును గిరిజనప్రాంతములందును 20,000 జనమునకు ఒక ప్రాథమిక ఆరోగ్యకేంద్రము ఉండవలెను. దానిక్రింద 5,000 మందికి, మన్యములో 3,000 మందికి, ఒక ఉపకేంద్రము. దానిపైన 1,20,000 మందికి, మన్యములో 80,000 మందికి, ముప్పది పడకల సామాజిక ఆరోగ్యకేంద్రము. ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు భవనము, శస్త్రచికిత్స గది యున్నదా లేదా అనుదానినిబట్టి, 375 మొదలు 450 చదరపు మీటర్లు ఉండదగునని 2012 నాటి భారత ప్రజారోగ్య ప్రమాణములు సూచించినవి.

ఈ యంకెలు దిక్సూచివంటివి; దారిని నడువవలసినది మీరు. కావున పరీక్షకు పూనుకొనిన మొదటి దినమున గోడలవంక చూడకుడు. ఓపీ రిజిస్టరు తెఱచి, గడచిన పండ్రెండు నెలలలో ఏ నెల యెంతమంది వచ్చిరో వ్రాసికొనుడు. శ్రావణ భాద్రపదములలో జ్వరములు ముసురుకొనినపుడు వచ్చు జనము చైత్రములో వచ్చు జనమునకు రెట్టింపు కావచ్చును. వైద్యశాల చాలునా చాలదా అనునది ఆ రద్దీ నెలనుబట్టి తేల్పవలెనేకాని సంవత్సరపు సగటునుబట్టి కాదు. పిదప కాన్పుల రిజిస్టరు చూడుడు. చుట్టుపట్ల గర్భిణులలో ఎందఱు ఇచట ప్రసవించుచున్నారు, ఎందఱు ఈ గుమ్మము దాటి పట్టణమునకు పోవుచున్నారు, ఎందుకు పోవుచున్నారు అని ఏ.యన్.యం.ను, ఆశా కార్యకర్తను అడుగుడు. ఆ "ఎందుకు" అనుదానికి వచ్చు సమాధానములలో సగము భవనమునకు సంబంధించినవే యుండును: "రాత్రి కరెంటు పోతే దీపం లేదండీ", "కడుక్కోడానికి నీళ్లు లేవండీ", "తోడు వచ్చినవాళ్లు పడుకోడానికి చోటు లేదండీ". ఈ మూడు మాటలను వ్రాసికొనినచో మీ పరీక్షలో మొదటి పుట నిండినట్లే.

మొదటి పాఠము: రోగియై నడువుడు

రెండవ దినమున వైద్యశాల ద్వారమునకు వెలుపల, ఆటో ఆగుచోట నిలువుడు. మీరిప్పుడు సభ్యులు కారు, సర్పంచులు కారు. మోకాళ్లు పట్టుకుపోయిన డెబ్బదియేండ్ల ముదుసలి. అచటినుండి వైద్యుని కుర్చీ వఱకు ఎన్ని అడుగులు, ఎన్ని మెట్లు, ఎన్ని మలుపులు? దారి వానలో బురదయగునా? మెట్లప్రక్క ర్యాంపు కలదా? కలిగినను అది యెక్కదగినదేనా? ఒక అడుగు ఎత్తునకు పండ్రెండడుగుల పొడవు ఉండవలెనని నియమము. అనగా అరుగు రెండున్నర అడుగుల ఎత్తున్నచో వాలు ముప్పది అడుగులు సాగవలెను. పది అడుగులలో ముగించిన వాలుబాట పైకి చక్రాల కుర్చీని నెట్టుట ఇద్దఱు బలవంతుల పని. దిగునప్పుడు అది ప్రమాదము. టేపుతో కొలిచి వ్రాయుడు.

పేరు వ్రాయించుకొను చోట నీడ కలదా? కూర్చుండుటకు బల్లలెన్ని? వృద్ధుడు నిలబడి, యువకుడు కూర్చుండునట్టి యిరుకు ఉన్నదా? క్షయరోగి దగ్గుచు కూర్చుండు బల్లయు, టీకాకై వచ్చిన పసిపాప తల్లి కూర్చుండు బల్లయు ఒకటియేనా? వైద్యుని గదిలో తెర యున్నదా? తన బాధను చెప్పుకొను స్త్రీ మాట బయట వరుసలోనివారికి వినబడుచున్నదా? రక్తపరీక్షకు ఎటు పోవలెను, మందులకు ఎటు పోవలెను? చీటి పట్టుకొని ముందుకు వెనుకకు మూడుమార్లు ఒకే వరండాలో నడువవలసివచ్చినచో ఆ భవనమున గోడలు గట్టివైనను అమరిక వ్యాధిగ్రస్తమని తెలియుడు. ఒక్కొక్కప్పుడు లక్షలు వ్యయపఱచి కట్టవలసినది ఏమియు నుండదు. మందుల గదిని, పరీక్షల గదిని తారుమారు చేసినచో చాలును. కట్టుటకు ముందు మార్చుట, మార్చుటకు ముందు శుభ్రపఱచుట, ఇది మితవ్యయమునకు క్రమము.

రెండవమారు నిండుచూలాలివలె నడువుడు. 108 వాహనము కాన్పుగది గుమ్మమువఱకు రాగలదా? స్ట్రెచరు వెడల్పును కొలిచి, త్రోవలోని ప్రతి తలుపు వెడల్పును కొలువుడు. మలుపులో స్ట్రెచరును నిజముగ త్రిప్పి చూడుడు, ఊహించి వ్రాయకుడు. కాన్పుగదిలోనికి పురుషుల దృష్టి పోవు కిటికీ యున్నదా? బిడ్డ పుట్టు వేళ ఆ గది వెచ్చదనము 25 డిగ్రీలకు తగ్గరాదు. నేరుగా బిడ్డపై గాలి విసరు ఫ్యాను ఉన్నచో దాని చోటు మార్పవలెను. కాన్పుగదికి అనుబంధముగా మరుగుదొడ్డి కలదా, లేక ప్రసవవేదనతో ఆమె వరండా దాటి పెరటిలోనికి పోవలెనా? ఈ యొక్క ప్రశ్నకు వచ్చు సమాధానమునుబట్టి ఆ వైద్యశాల స్త్రీలను ఎట్లు గౌరవించుచున్నదో తెలిసిపోవును. గడియ లేని మరుగుదొడ్డికి పోవలసివచ్చునని దప్పికగొనియు నీరు త్రాగక కూర్చుండు స్త్రీలు మన పల్లెలందు ఎందఱో యున్నారు; పదుల రూపాయల గడియ ఒకటి వారి ఆరోగ్యమునకు మందుసీసాకంటె మిన్న.

మన్యప్రాంతమున నడక మఱింత దీర్ఘమైనది. డోలీలో మోయబడి వచ్చు గర్భిణి, నొప్పులు మొదలైన పిదప బయలుదేఱినచో సకాలమున చేరజాలదు, కావున గడువునకు కొన్ని దినములు ముందుగనే వచ్చి యుండుటకు ఒక గది, తోడువచ్చినవారు వండుకొనుటకు ఒక పొయ్యి, ఇవి అచట విలాసములు కావు, వైద్యములో భాగములు. పట్టణపు నమూనాను మన్యములో నిలిపినవాడు వీనిని మఱచును. ఆ దారిని నడచినవాడు మఱువడు.

రెండవ పాఠము: నాలుగు వేళల దర్శనము

ఏ భవనమైనను తన నిజస్వరూపమును ఒకేమారు చూపదు. ఉదయము తొమ్మిదింటికి చూచినవానికి రద్దీ కనబడును. రోహిణీకార్తెలో మధ్యాహ్నము రెండింటికి చూచినవానికి రేకులకప్పు క్రింద పడుకొన్న బాలింత చెమట కనబడును. రాత్రి పదింటికి చూచినవానికి వెలుగని దీపములు, తాళము వేసిన మరుగుదొడ్లు, ఒంటరిగా నున్న స్టాఫ్ నర్సు భయము కనబడును. జోరువానలో చూచినవానికి మాత్రమే శ్లాబు ఎచట కారుచున్నదో, ఆవరణలో నీరు ఎచట నిలుచునో, దారి ఎప్పుడు మూతపడునో కనబడును. ఈ నాలుగు వేళలను చూడక వ్రాసిన నివేదిక నాలుగవవంతు నివేదికయే.

చూచుటతోపాటు వినుట యున్నది. అధికారిని అడుగుట మర్యాద. పారిశుద్ధ్యపు పని చేయువారిని అడుగుట వివేకము. ఒక వైద్యశాలలో వార్డుగోడ ఏటేట చెమ్మగిల్లుచుండెను, ఏటేట రంగు వేయబడుచుండెను. మేమందఱము పైకప్పువంక చూచి తర్కించుచుండగా, చీపురు పట్టుకొని ప్రక్కన నిలిచియున్న పెద్దావిడ మెల్లగా నిట్లనెను: "నన్నడిగితే చెబుతాను బాబూ. నీళ్లు పైనుంచి రావడం లేదు. బాత్రూములో పోసిన నీళ్లు కాలవలోకి పోవు, ఈ గోడవైపే వస్తాయి. పదేళ్లనుంచి చీపురుతో అటు తోస్తూనే ఉన్నాను." నేలవాలు తప్పుగా నుండెను. పదేండ్లు రంగుపై వ్యయమైన ధనములో కొంతభాగముతో ఆ వాలు సరియై యుండెడిది. ఆమెను ఎవరును అడుగలేదు గాన ఆమె చెప్పలేదు. నాటినుండి నేను ఏ వైద్యశాలకు పోయినను మొదట చీపురు పట్టినవారికి నమస్కరించి, "అమ్మా, ఈ భవనంలో మిమ్మల్ని ఎక్కువ కష్టపెట్టే చోటు ఏది?" అని అడుగుట అలవఱచుకొంటిని. రాత్రి నర్సును, కాపలాదారుని, మందులిచ్చు ఫార్మసిస్టును, మొన్న కాన్పై వెళ్లిన తల్లిని ఇదే ప్రశ్న అడుగుడు. నలుగురు ఒకే చోటును చూపినచో మీరు అచట మోకాలూని పరిశీలింపవలెను.

మూడవ పాఠము: లక్షణము వేఱు, కారణము వేఱు

జ్వరమునకు తడిగుడ్డ వేసినంతమాత్రమున మలేరియా పోదు. అట్లే పెచ్చులూడినచోట సిమెంటు పూసినంతమాత్రమున శ్లాబు బాగుపడదు. కాంక్రీటులోని ఇనుపచువ్వకు చెమ్మ తగిలి తుప్పుపట్టినపుడు ఆ తుప్పు అసలు ఇనుముకంటె రెండింతలకు మించిన చోటు నాక్రమించును. ఆ యొత్తిడికి కాంక్రీటు పగిలి పెచ్చులుగా రాలును. కావున పెచ్చు రాలుట వ్యాధి ముదిరిన పిమ్మట కనబడు గుర్తు. సముద్రతీరపు మండలములలో ఉప్పుగాలివలనను, ఉప్పునీటితో కలిపిన కాంక్రీటువలనను ఇది మఱింత వేగముగ జరుగును. చిన్న సుత్తితో శ్లాబు అడుగుభాగమున మెల్లగా తట్టి చూడుడు; గట్టి కాంక్రీటు ఘనమైన ధ్వని నిచ్చును, లోపల విడిపోయినది డొల్లధ్వని నిచ్చును. డొల్ల పలికినచోట సుద్దతో గీత గీయుడు, క్రింద మంచములను జరుపుడు, ఆపై ఇంజనీరును పిలువుడు. రీబౌండు సుత్తి, అల్ట్రాసోనిక్ తరంగముల పరీక్ష మొదలగు సాధనములతో కాంక్రీటు బలమును అతడు తేల్చును. ఆ నిర్ణయము అతనిది. సకాలమున పిలుచుట మీది.

గోడపగుళ్లు అన్నియు ఒక్కటి కావు. పూతలో వెండ్రుకవలె కనబడు సన్నని గీతలు ప్రమాదకరములు కావు. కిటికీమూలనుండి ఏటవాలుగా బయలుదేఱి పైకి పోవుకొలది వెడల్పగు పగులు పునాది క్రుంగుటకు సూచన. నల్లరేగడి నేలలలో ఇది సాధారణము. ఆ మన్ను వానకు ఉబ్బును, ఎండకు బీటలువారును, దానిపైనున్న పునాది దానితోపాటు కదలును. పగులు రెండు చివరలను పెన్సిలుతో గుర్తించి తేదీ వ్రాయుడు. దానికడ్డముగా సన్నని గాజుపలక నంటింపుడు. ఆఱునెలలలో పలక చిట్లక, గుర్తు దాటక యున్నచో ఆ పగులు పాతగాయము. పలక చిట్లినచో అది నేటికిని నడచుచున్న వ్యాధి. నడచుచున్న పగులును పూడ్చి రంగు వేయుట ధనమును మట్టిలో పోయుటయే.

చెమ్మకు సయితము చిరునామా యుండును. నేలనుండి మూడడుగులవఱకు పట్టె కట్టినట్లు ప్రాకినది భూమినుండి ఎక్కిన తడి. గోడ పైభాగమున కనబడునది కప్పునుండియో, పిట్టగోడ మొదటినుండియో దిగిన తడి. నడుమ ఒకచోట మచ్చవలె నున్నది గోడలోని గొట్టమునుండి వచ్చిన తడి. ఇక గానుగసున్నముతో కట్టిన పాత భవనముల విషయము వేఱు. సున్నపుగోడ ఊపిరి పీల్చును. లోపలి చెమ్మను మెల్లగా వెలికి విడుచును. బలమునకని దానిపై సిమెంటు పూత పూసినచో ఆ చెమ్మ లోపలనే చిక్కుకొని, ఇటుకను తినివేసి, పూతను పెల్లలుగా త్రోసివేయును. అట్టి గోడకు సున్నమే మందు. పాతదనినంతనే పాడైనదని తలంపకుడు: మందమైన గోడలు, ఎత్తైన కప్పు, నాలుగువైపుల వరండా గల ముత్తాతలనాటి కట్టడము, వేసవిలో నేటి శ్లాబుపెట్టెకంటె రోగికి హాయి నిచ్చును.

నాలుగవ పాఠము: నీరు, గాలి, విద్యుత్తు, వ్యర్థము

గోడలు శరీరమైనచో ఈ నాలుగును ప్రాణములు. నీటితో మొదలిడుడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన లెక్కచొప్పున ఓపీకి వచ్చు ఒక్కొక్కరికి 5 లీటర్లు, పడకపైనున్న రోగికి దినమునకు 40 మొదలు 60 లీటర్లు, ఒక్కొక్క కాన్పునకు 100 లీటర్లు కావలెను. దినమునకు అఱువదిమంది ఓపీ, పడకలపై ఆఱుగురు, రెండు కాన్పులు అనుకొన్నచో 300, 360, 200 కలిసి 860 లీటర్లు. మోటారు చెడినను, కరెంటు రాకున్నను రెండుదినములు నిలువవలెనన్నచో ట్యాంకు 1,720 లీటర్లకు తగ్గరాదు; సిబ్బంది నివాసముల నీరు దీనికి వేఱు. ట్యాంకుపై వ్రాసిన కొలతను నమ్మక, అది నిజముగ నిండుచున్నదా, చివరి కుళాయివఱకు నీరు చేరుచున్నదా అని ప్రతి కుళాయిని త్రిప్పి చూడుడు. పడకలపై నున్న ప్రతి యిరువదిమందికి ఒక మరుగుదొడ్డి యైనను ఉండవలెను. స్త్రీపురుషులకు వేర్వేఱుగా ఉండవలెను. వానిలో ఒకటి చక్రాలకుర్చీ పట్టునది కావలెను.

గాలినిగూర్చి చెప్పునపుడు ఫ్లారెన్స్ నైటింగేల్‌ను స్మరింపక యుండరాదు. గోదావరి ఆనకట్ట కట్టిన సర్ ఆర్థర్ కాటన్‌తో మనదేశపు నీటిపారుదలనుగూర్చి ఉత్తరప్రత్యుత్తరములు జరిపిన ఆ మహనీయురాలు, 1859లో వైద్యశాలలనుగూర్చి గ్రంథము వెలువరించి, ఎదురెదురు కిటికీలు గల పొడవైన వార్డులను గట్టిగా సమర్థించెను. మదనపల్లె చేరువ ఆరోగ్యవరమున వెలసిన క్షయచికిత్సాలయము, మందులు లేని నాటికాలమున, స్వచ్ఛమైన గాలిని విశ్రాంతిని ఆధారము చేసికొని రోగులను కాపాడ యత్నించినది. మీ వైద్యశాలలో కిటికీలు ఎదురెదురుగా నున్నవా? ఉన్నను, వానికి అడ్డముగా బీరువాలు చేరినవా? తుప్పుపట్టి తెఱచుకొననివి ఎన్ని? కప్పునకు తెల్లని పూత పూసినచో ఎండ వెనుకకు మఱలి గది చల్లబడును. తెలంగాణ ప్రభుత్వము 2023లో చలువకప్పుల విధానమును ప్రకటించినది ఈ సూత్రమునుబట్టియే.

విద్యుత్తు సంగతి మఱింత జాగ్రత్త కోరును. నాలుగు దీపములు, నాలుగు ఫ్యానులకొఱకు వేసిన వైర్లమీద నేడు టీకాల ఫ్రిజ్జు, డీప్ ఫ్రీజరు, పసిపాపల వార్మరు, ఆటోక్లేవు, ఆక్సిజన్ కాన్సెంట్రేటరు వ్రేలాడుచున్నవి. వేడెక్కు స్విచ్చి, గోధుమరంగుకు తిరిగిన ప్లగ్గు, ఎక్స్‌టెన్షన్ బాక్సుమీద ఎక్స్‌టెన్షన్ బాక్సు, ఇవి యెచట కనబడినను ఎఱ్ఱసిరాతో వ్రాయుడు. ఎర్తింగు పరీక్ష ఎప్పుడు జరిగినదో, అగ్నిమాపక సిలిండరు గడువు ఎప్పుడు తీరునో చూడుడు. టీకాలను 2 మొదలు 8 డిగ్రీల నడుమ నిలుపవలెను. కరెంటు పోయినపుడు ఇన్వర్టరు మొదట కాన్పుగదికిని టీకాలకును ఊపిరి పోయుచున్నదా, లేక ఆఫీసుగదికా?

వ్యర్థములకు 2016 నాటి నియమములు పసుపు, ఎఱుపు, తెలుపు, నీలము అని నాలుగు విభాగములు చేసినవి. శుద్ధిచేయని వ్యర్థమును నలుబదియెనిమిది గంటలకు మించి నిలువ యుంచరాదు. కావున తాళము గలదియు, కుక్కలు చొరరానిదియు, వాహనము చేరగలదియు నగు ఒక చిన్నగది వేఱుగా నుండవలెను. ఇది లేనిచో కొత్తవార్డు ఎంత అందమైనదైనను దాని పెరడే రోగములకు పుట్టినిల్లగును.

ఇక వైద్యశాల నిలిచిన నేలనుగూర్చి ఊరి వృద్ధుల నడుగుడు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమకు నేర్పిన పాఠమును, 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖతీరమునకు నేర్పిన పాఠమును మఱచిన కట్టడము తుపానువేళ తానే రోగి యగును. ఏ యేట నీరు ఎంతవఱకు వచ్చినదో గోడపై గుర్తింపించుకొని, నేలమట్టము, జనరేటరు, మందులగది ఆ గీతకు పైన నున్నవో లేవో చూడుడు.

ఐదవ పాఠము: ఏది ముందు, ఏది వెనుక

ఇంతవఱకు వ్రాసినదానిని చూచినచో మీ పుస్తకమున నూఱు లోపములుండును; చేతిలోని ధనము పదింటికి చాలదు. ఇచటనే మనోధైర్యము సడలుట కలదు. నూటిని మూడు రాశులు చేయుడు. ప్రాణమునకు ముప్పు తెచ్చునవి మొదటి రాశి: పెళపెళలాడు శ్లాబు, కాలిన వైరు, కాన్పుగదిలో చీకటి. సేవకు అడ్డు వచ్చునవి రెండవ రాశి: నీరు, మరుగుదొడ్లు, ఇరుకు తలుపు, ర్యాంపు. సౌకర్యమును సౌందర్యమును పెంచునవి మూడవ రాశి. రెండవ రాశిలో ఉండవలసిన స్త్రీల గౌరవమును ఎవరైన మూడవ రాశిలోనికి నెట్టజూచినచో ఒప్పుకొనకుడు. పిదప ప్రతి రాశిలో కొన్నివేలతో ఈ నెలలోనే తీరునవి వేఱుగా తీసి వ్రాయుడు. సంఘము చేతిలోని నిధితో అవి వెంటనే జరిగినచో, పెద్దపనులు జరుగునను నమ్మకము సిబ్బందికి కలుగును.

పనుల క్రమమునకు ఒక సూత్రము: మురుగుకాలువ తరువాత కప్పు, కప్పు తరువాత గోడ, గోడ తరువాత వైరు గొట్టములు, అటుపిమ్మట నేల, అన్నిటికిని చివర రంగు. ప్రారంభోత్సవపు తేదీ ముంచుకొనివచ్చి రంగును ముందునకు లాగినచో, తొలి వానలోనే ఆ రంగు సాక్ష్యము చెప్పును.

బాగుచేయుదుమా, పడగొట్టి కట్టుదుమా అను ప్రశ్నకు ఆవేశముతో జవాబియ్యరాదు. చోటు మంచిదేనా, పునాది స్థిరమేనా, అమరికను మార్చుటకు వీలున్నదా, పెరుగు జనమునకు పెరటిలో ఖాళీ యున్నదా అను నాలుగు ప్రశ్నలకు అవునని వచ్చినచో బాగుచేయుటవైపు మొగ్గుడు. చోటే ముంపుపల్లమైనచో, లేక శ్లాబు బలము ఇంజనీరు పరీక్షలో నిలువనిచో, మమకారమును విడువుడు. రెండింటికిని ఇంజనీరుచేత అంచనాలు వేయింపుడు. కొత్త కట్టడపు అంచనాలో పని ముగియువఱకు వైద్యము ఎచట జరుగునో ఆ వ్యయమును చేర్పుమనుడు. వైద్యశాల బడివలె వేసవి సెలవులు పుచ్చుకొనదు. కాన్పుగది ఒక్క రాత్రియైనను మూతపడరాదు. కావున ఏ భాగము ముందు ఖాళీయగును, ధూళినుండి రోగులను కాపాడు తెర ఎచట కట్టవలెను అనునవి గుత్తదారుతో ఒప్పందమునకు ముందే కాగితముపై నుండవలెను.

వ్రాయు విధము

"భవనము శిథిలావస్థలో నున్నది" అని వ్రాసిన అర్జీ కట్టలలో కలిసిపోవును. "వార్డులో ఈశాన్యమూల, నాలుగడుగుల పొడవున పెచ్చులూడి చువ్వ కనబడుచున్నది, క్రింద రెండు మంచములు జరిపితిమి, ఆఱు పడకలలో రెండు పనికిరావు" అని తేదీతో, ఫోటోతో, కొలతతో వ్రాసినదానిని ఏ అధికారియు తేలికగ ప్రక్కన పెట్టజాలడు. కావున ప్రతి లోపమునకు ఐదు మాటలు: ఎచట, ఎంత, ఎందువలన, ఎవరికి బాధ, ఏమి చేయవలెను. నాలుగవ మాటను మాత్రము ఎన్నడును విడువకుడు. రోగి లేని వాక్యము ప్రాణము లేని వాక్యము. 2015లో మొదలైన కాయకల్ప పథకము శుభ్రతకు, నిర్వహణకు మార్కులు వేయు పద్ధతిని తెచ్చినది. ఆ పట్టికను మీ కేంద్రమునుండి అడిగి తీసికొని మీ పుస్తకముతో పోల్చి చూడుడు, మఱచినవి బయటపడును.

అభ్యాసము

ఈ పుటను మూయుటకు ముందు ఒక వారము నిశ్చయించుకొనుడు. సోమవారము రిజిస్టర్లు, మంగళవారము వృద్ధునివలె, గర్భిణివలె నడక, బుధవారము మధ్యాహ్నదర్శనము, సిబ్బందితో మాటలు, గురువారము సుత్తి, పెన్సిలు, గోడలు, శుక్రవారము కుళాయిలు, స్విచ్చులు, పెరడు, శనివారము రాత్రి పదింటికి మఱల రాక, ఆదివారము మూడు రాశులు. వాన కొఱకు మాత్రము వేచియుండుడు. అది పడినదినమున పనులు మాని గొడుగుతో పోవుడు. ఏటేట మృగశిర చినుకులకు ముందు కప్పుమీది ఆకులను, నీరుపోవు గొట్టములను శుభ్రము చేయించు తేదీని పంచాంగమున గుర్తించుకొనుడు. సగము మరమ్మతులు ఆ యొక్క దినమున తప్పిపోవును.

పనులు ముగిసిన పిదప రిబ్బను కత్తిరింపు దినమున అందఱితోపాటు చప్పట్లు కొట్టుడు, తప్పులేదు. కాని మీ పరీక్ష ముగిసినట్లు తలంపకుడు. మఱునాడు అదే పుస్తకము చేతబట్టి, ఆటో ఆగుచోట మఱల నిలువుడు. ఒక ముదుసలి దిగును. ఆమెకు తెలియకుండ వెనుక నడువుడు. ఆమె ర్యాంపు కడ ఆగి ఊపిరి పీల్చుకొన్నదా, బల్లపై చోటు దొరకినదా, త్రాగుటకు నీరు అందినదా, తలుపు గడియ పడినదా అని చూడుడు. ఆమె అడుగు ఎచట తడబడక సాగినదో పుస్తకములోని ఆ పంక్తిని కొట్టివేయుడు. ఎచట తడబడినదో ఆ పంక్తిక్రింద మఱల తేదీ వేయుడు.